పక్క సీటు బ్రేకు

డ్వేన్ హకబీ మాటలన్నీ ఆయనతోనే.
వేగమెంత, మిట్ట ఎక్కుతుందా లేదా,
ఈ చక్రాలు చూడండి సార్, ఇసుకలో కూడా కూరుకుపోవు.
ఆయన తలాడిస్తున్నాడు
గోడమీది క్యాలెండరు చూస్తూ.
క్యాలెండరు కాదు, డ్వేన్‌నే చూస్తున్నాడు.
మనిషి మొహం కనబడాలంటే
ఆ మనిషి చెవి పక్కకు చూడాలిప్పుడు మా ప్రభుదాస్.
నట్టనడిమి చూపు పోయి పద్నాలుగు నెలలు.

నడిపేది నేనండీ, అన్నాను.
డ్వేన్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

గ్రీన్ వ్యాలీలో మా వీధిలో ఇంటికో గోల్ఫ్ బండి.
ఆడేవాళ్లు తక్కువ, తిరిగేవాళ్లు ఎక్కువ.
మందుల షాపుకి, ఈతకొలనుకి,
ఆదివారం గుడికి, మంగళవారం పేకాటకి.
చివరింటి వాండా కోవాల్‌స్కీ బండికైతే
ఊదారంగు లైట్లు, బాతు అరిచినట్టు హారను.
ఆవిడే చెప్పి పంపింది:
రంగు చూసి మురిసిపోకు, సీటు ఎత్తించి బ్యాటరీ చూడు.
పాతరకానికి నెలనెలా నీళ్లు పోయాలి,
మరిచావా, నడిరోడ్డుమీద అలిగి కూర్చుంటుంది.

ముప్పై నాలుగేళ్లు ఒమాహా ఆసుపత్రిలో
సెలైన్ సంచులు మార్చిన చేతులివి.
ఇంకొకరికి నీళ్లెక్కించే ఓపిక లేదు.
లిథియమే రాయండి, అన్నాను.
రెండు వేలు ఎక్కువవుతుంది మేడమ్.
రాయండి.

ముందద్దం కావాలి, సగానికి మడిచేది.
చుట్టూ జిప్పు తెరలు, జూలై వానల్లో
నీళ్లకంటే ముందు దుమ్మొచ్చి మొహాన కొడుతుంది ఇక్కడ.
పక్కకు తిరిగే లైట్లు, రెండువైపులా అద్దాలు.
సీటు బెల్టులు విడిగా కొనుక్కోవాలట!
అవి వద్దనేవాళ్లు కూడా ఉంటారట!
ఎమర్జెన్సీ వార్డులో రాత్రి డ్యూటీలు చేసినదాన్ని,
నాకా ఆ మాట చెబుతావు నాయనా?
నాలుగు సీట్లకీ నాలుగు.

పాటల పెట్టె వద్దు. ఆయనున్నాడుగా,
కీర్తన ఎత్తుకుంటే శ్రుతి ఒక వీధిలో, ఆయనొక వీధిలో.

వెనక గోల్ఫ్ కర్రల సంచికి పట్టీ ఉంది.
ఆ పట్టీలో తెల్లకర్ర పడుతుందా, అని అడిగాను.
డ్వేన్ ఆయన చేతికర్ర అడిగి తీసుకుని
పెట్టి చూశాడు, బిగించి చూశాడు.
పడుతుంది, అన్నాడు.
అప్పట్నించి నావైపు తిరిగే మాట్లాడాడు.

ఆయన అడిగింది ఒక్కటే, ఏ రంగులున్నాయని.
పసుపైతే పార్కింగులో నేనే వెతుక్కోగలను, అన్నాడు.
పసుపు.

ఓ చుట్టు తిప్పి రమ్మన్నారు, షెడ్డు వెనక ఖాళీ జాగాలో.
కారు తోలడం రాక కాదు నాకు.
ఇద్దరం కలిసి ఎక్కితే మాత్రం
స్టీరింగు ఆయనది, ఏనాడూ నేనడగలేదు.
పెడలు మెత్తగా దిగింది. చప్పుడే లేదు,
కంకర నలిగే చప్పుడు తప్ప.
కుడిపక్కనుంచి లారీ ఒకటి
వెనక్కి వెనక్కి వస్తోంది.
నేను ఆపేలోపే
ఆయన కుడికాలు నేలను తొక్కింది,
గట్టిగా, రెండుసార్లు.

ఆ తొక్కుడు నాకు తెలుసు.
నెబ్రాస్కా మంచు రోడ్లమీద
పక్క సీట్లో కూర్చుని నేను తొక్కిన బ్రేకే అది.
లేని బ్రేకు.
దానిమీద ఆయన వేసిన జోకులకు లెక్కుందా?
మ్యాటు అరిగిపోయేది, కారు మార్చేవాళ్లం,
ఆ కొత్తదీ అరగ్గొట్టేదాన్ని.

నేనేమీ అనలేదు.
లారీ వెళ్లిపోయింది.
కాసేపాగి ఆయనే, అది ఎరుపేనా, అన్నాడు.
ఎరుపే.
కనబడింది, అన్నాడు. ఓ పక్కగా.

సంతకాల దగ్గర డ్వేన్ అడిగాడు,
ఇంకేమైనా కావాలా మేడమ్ అని.
పక్క సీటు కింద ఒక మ్యాటు వేయమన్నాను.
రబ్బరుది, మందంగా.
తొందరగా అరగనిది.